రాత్రి మూడింటికి పడే నిద్రని దారిలో పెట్టడం: హాస్టల్ పద్ధతి

సెమిస్టర్ పరీక్షలప్పుడు అలవాటైన రాత్రి జాగారం, పరీక్షలయ్యాక కూడా వదలదు. పగలంతా చిరాకు, దిగులు, పాఠం తలకెక్కకపోవడం. చాలామంది ముందు పడుకునే టైం మార్చబోతారు, అక్కడే బెడిసికొడుతుంది. నిద్ర రాకుండా పదింటికే మంచమెక్కితే బెంగ మొదలవుతుంది. మార్చాల్సింది లేచే టైం.

ఎప్పుడు పడుకున్నా, ఆదివారమైనా, ఆరున్నరకే లేవాలి. లేచిన గంటలోపు 20–30 నిమిషాలు మేడ మీదో గ్రౌండ్‌లోనో నడవాలి. ఒంట్లో గడియారాన్ని సరిచేసేది ఆ పగటి వెలుగే, గదిలో ట్యూబ్‌లైటు చాలదు.

ఇక టీ. అందులో నిద్రని ఆపే కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగిన మెస్ టీలోని కెఫీన్‌లో సగం రాత్రి పదకొండింటికీ ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక వద్దు. ఫోన్ ఛార్జింగ్ మంచానికి అందని ప్లగ్గులో పెట్టాలి, అలారం ఆపడానికైనా లేస్తారు. 20 నిమిషాలైనా నిద్ర పట్టకపోతే కుర్చీలో కూర్చుని విసుగు పుట్టించే పుస్తకం చదవాలి (ఇంజినీరింగ్ వాళ్లకి ఆ కొరత లేదు).

మొదటి నాలుగైదు రోజులు మరీ మగతగా ఉంటుంది, బండి నడపొద్దు. దిగులు రెండు వారాలు దాటితే డాక్టర్ని కలవాలి. చచ్చిపోవాలనిపిస్తే మాత్రం ఆగకుండా అప్పుడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కి, 14416కి ఫోన్ చేయాలి. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.