సంచిలోంచి చూడకుండా కాయిన్ తీస్తే: రంగుల సంభావ్యత ఎలా లెక్కించాలి?

క్యారమ్స్ సెట్‌లో తెల్ల కాయిన్లు 9, నల్లవి 9, రెడ్ ఒకటి, మొత్తం 19 ఉంటాయి. సంభావ్యత నేర్చుకోవడానికి పుస్తకంలోని బంతుల సంచి కన్నా ఇదే నయం. లెక్క సరిగ్గా వచ్చిందో లేదో అనుమానం వస్తే తీసి చూసుకోవచ్చు.

కాయిన్లన్నీ గుడ్డ సంచిలో వేసి బాగా కలపండి. స్ట్రైకర్ వేయకండి. అది పెద్దది, చేతికి ఇట్టే తెలిసిపోతుంది. అంచు విరిగిన కాయిన్లతోనూ అదే చిక్కు. ప్రతి కాయిన్‌కూ చేతిలోకి వచ్చే అవకాశం సమానంగా ఉంటేనే కింది సూత్రం పనిచేస్తుంది.

1. మొత్తం ఎన్నో లెక్కపెట్టండి. లెక్కపెట్టాల్సింది రంగులను కాదు, కాయిన్లను. మూడు రంగులున్నాయి కాబట్టి రెడ్ రావడానికి 1/3 అవకాశం ఉందనుకుంటే తప్పు. రంగులు మూడే అయినా అవి సమసంభవాలు కావు. చేతికి తగలగలిగినవి 19, అదే హారం.

2. మీకు కావలసినవి ఎన్నో చూసి, మొత్తంతో భాగించండి.

సంభావ్యత = అనుకూల పర్యవసానాలు ÷ మొత్తం పర్యవసానాలు

తెల్లది రావడానికి 9/19, అంటే సుమారు 0.47. రెడ్ రావడానికి 1/19, నూటికి అయిదు పైచిలుకు. జవాబు ఎప్పుడూ 0 నుంచి 1 లోపే ఉండాలి. 19/9 లాంటిది వచ్చిందంటే లవం, హారం తారుమారయ్యాయన్నమాట.

3. ‘లేదా’, ‘కాదు’ అని అడిగితే. ఒక్క కాయిన్ తీసినప్పుడు అది తెల్లదీ, రెడ్డూ రెండూ కాలేదు. కాబట్టి ‘తెల్లది లేదా రెడ్’ అంటే కూడితే చాలు: 9/19 + 1/19 = 10/19. ‘రెడ్ కానిది’ అంటే 1లోంచి తీసేయండి: 1 − 1/19 = 18/19.

4. రెండు కాయిన్లు తీయాలంటే, మొదటిది తిరిగి వేస్తున్నారా లేదా అన్నది ముందు తేల్చుకోండి. ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే. రెండూ తెల్లవి కావాలనుకుందాం.

తిరిగి వేస్తే సంచి మళ్లీ మొదటిలాగే ఉంటుంది: 9/19 × 9/19 = 81/361, సుమారు 0.224.

తిరిగి వేయకపోతే, మొదటి తెల్లది బయటికి వచ్చాక లోపల మిగిలేవి 18, వాటిలో తెల్లవి 8. అప్పుడు 9/19 × 8/18 = 4/19, సుమారు 0.211. హారాన్ని 18 చేసి, పైన 9ని అలాగే వదిలేయడం మామూలుగా జరిగే పొరపాటు. బయటికి వచ్చిన కాయిన్ మొత్తంలోంచీ పోతుంది, తన రంగులోంచీ పోతుంది. రెండు కాయిన్లను ఒకేసారి గుప్పిట్లోకి తీసినా లెక్క ఇదే, ‘తిరిగి వేయకుండా’ కిందికే వస్తుంది.

5. వరుస చెప్పకపోతే అన్ని వరుసలూ కలపండి. తిరిగి వేయకుండా ఒక తెల్లది, ఒక నల్లది రావాలంటే ముందు తెల్లది రావచ్చు, ముందు నల్లది రావచ్చు. ఒక్కో దారికి 9/19 × 9/18 = 9/38. రెండూ కలిపితే 9/19. ఒక్క దారితో ఆపేస్తే జవాబు సగమే వస్తుంది.

6. ‘కనీసం ఒకటి’ అంటే వెనక నుంచి రండి. తిరిగి వేయకుండా రెండు తీస్తే కనీసం ఒక తెల్లది రావడానికి సంభావ్యత ఎంత? 9/19 + 9/19 = 18/19 అని కూడేస్తే తప్పు. రెండూ తెల్లవైన సందర్భం అందులో రెండుసార్లు పడింది. ఒక్కటీ తెల్లది రాకపోవడానికి 10/19 × 9/18 = 5/19. కాబట్టి జవాబు 1 − 5/19 = 14/19. తప్పు జవాబుకీ దీనికీ తేడా 4/19. అది నాలుగో మెట్టులో ‘రెండూ తెల్లవి’కి వచ్చిన సంఖ్యే.

7. మొత్తం 1 వస్తుందేమో సరిచూడండి. తిరిగి వేయకుండా రెండు తీస్తే: రెండూ తెల్లవి 4/19, రెండూ నల్లవి 4/19, చెరొకటి 9/19, రెడ్‌తో పాటు మరొకటి 2/19. కూడితే 19/19. రాకపోతే ఏదో సందర్భం జారిపోయింది, లేదా రెండుసార్లు పడింది.

చేత్తో చేసి చూడాలంటే ప్రతిసారీ తిరిగి వేసి, కలిపి, 95 సార్లు తీయండి. రెడ్ సగటున 5 సార్లు రావాలి. 3 వచ్చినా 7 వచ్చినా సూత్రం తప్పినట్టు కాదు, ఆ మాత్రం అటూఇటూ మామూలే. వరసగా 10 సార్లు రెడ్ రాకపోతే ‘ఈసారి తప్పక వస్తుంది’ అనిపిస్తుంది. కాయిన్‌ని తిరిగి వేస్తున్నంత కాలం పదకొండోసారి కూడా 1/19 మాత్రమే. తిరిగి వేయకుండా తీస్తూ ఉంటే మాత్రం ఆశ పెట్టుకోవచ్చు. సంచిలో మిగిలినవి 9, రెడ్ ఇంకా లోపలే ఉంది, కాబట్టి 1/9.