ఫార్మాట్ కొట్టించే ముందు ఆ నీలం తెర ఫొటో తీయండి

మా షాపు పాలకొల్లులో. లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చేవాళ్లలో సగం మంది గుమ్మంలోనే తీర్పు చెప్పేస్తారు: "ఏవండీ, ఊరికే ఆగిపోతోందండీ, ఫార్మాట్ కొట్టేసి కొత్త విండోస్ వేసెయ్యండి." వేస్తే నాకు డబ్బులొస్తాయి, కాదనను. కానీ డ్రైవర్ (ప్రింటర్, వైఫై లాంటి పరికరాన్ని విండోస్‌తో కలిపి పని చేయించే చిన్న ప్రోగ్రామ్) వల్ల పడిపోయే, అంటే ఉన్నట్టుండి ఆగిపోయే సిస్టమ్‌కి ఫార్మాట్ కొడితే, నెట్ తగిలించగానే విండోస్ అప్‌డేట్ చాలాసార్లు అదే పాడు డ్రైవర్‌ని మళ్లీ తెచ్చి పెడుతుంది, లేదంటే మీరే పాత పెన్‌డ్రైవ్‌లోంచి అదే సెటప్ మళ్లీ కొడతారు, వారం తిరక్కుండా నా గుమ్మంలోనే ఉంటారు, ఈసారి ట్యాలీ డేటా కూడా పోగొట్టుకుని.

అందుకని నేను ముందు అడిగేవి రెండే. పడిపోయినప్పుడు ఏం చేస్తున్నారు? దానికి ముందు వారంలో కొత్తగా ఏం పెట్టారు? ప్రింటరా, గేమా, వైఫై డాంగిలా, అప్‌డేటా? డ్రైవర్ తప్పయితే ఆ పడిపోవడానికి చాలాసార్లు ఒక సందర్భం ఉంటుంది. ప్రింట్ ఇచ్చినప్పుడల్లా, మూత వేసి తీసినప్పుడల్లా, వీడియో కాల్ మొదలెట్టినప్పుడల్లా. వేళాపాళా లేకుండా, ఒక్కోసారి ఒక్కో పేరు చూపించి పోతుంటే మాత్రం నా అనుమానం ర్యామ్ మీదకి వెళ్తుంది.

తెర చదవడం

విండోస్ 10లో నీలం తెర వస్తుంది. విండోస్ 11లో 2025 అప్‌డేట్ల తర్వాత అది నల్లగా మారింది, కాబట్టి "బ్లూ స్క్రీన్ రాలేదండీ, నల్లగా వచ్చింది" అంటే రెండూ ఒకటే. ఆ తెర మీద స్టాప్ కోడ్ అని ఒక పేరు ఉంటుంది, అదృష్టం బాగుంటే దాని కింద "వాట్ ఫెయిల్డ్" అని ఫైలు పేరు కూడా ఉంటుంది, చివర సిస్ అనే తోకతో. మనకి కావాల్సింది ఆ ఫైలు పేరే. ఫోన్ తీసి ఫొటో కొట్టండి. ఫొటో తీసేలోపు రీస్టార్ట్ అయిపోతుంటే, అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్ అని వెతికి, స్టార్టప్ అండ్ రికవరీ దగ్గర సెట్టింగ్స్‌లో "ఆటోమేటికల్లీ రీస్టార్ట్" ముందున్న టిక్ తీసేయండి. ఇక తెర అలాగే నిలబడి ఉంటుంది.

ఇప్పటికే పదిసార్లు పడిపోయి, ఒక్క ఫొటో కూడా తీయలేదా? పర్లేదు. సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్, అందులో మినీడంప్ అనే ఫోల్డర్. పడిపోయినప్పుడల్లా తారీఖుతో ఒక చిన్న ఫైలు అక్కడ పడుతుంది. నిర్‌సాఫ్ట్ వాళ్ల బ్లూస్క్రీన్‌వ్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో వాటిని తెరిస్తే ఏ డ్రైవర్ పేరు పదేపదే వస్తోందో వరసగా కనిపిస్తుంది. ఒక్క జాగ్రత్త: ఎన్‌టీఓఎస్‌కర్నల్ అన్న పేరు చూపిస్తే దాన్ని నమ్మెయ్యొద్దు. అది విండోస్ గుండెకాయ, వేరే ఎవరో చేసిన తప్పు దాని ఒళ్లో బయటపడుతుంది, అంతే. అలాంటప్పుడు ఆ ఫైళ్లని ఇంకా లోతుగా చదివే మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రోగ్రామ్ విన్‌డీబీజీతో చూస్తే లోపలి పేరు దొరకొచ్చు.

పేర్లు గుర్తుపట్టడం పెద్ద విద్యేం కాదు. ఎన్‌వీఎల్‌డీడీ అని మొదలైతే ఎన్విడియా గ్రాఫిక్స్. ఏఎండీకేఎండీ గానీ ఏటీఐకేఎండీ గానీ అయితే ఏఎండీ గ్రాఫిక్స్. ఐజీడీ అంటే ఇంటెల్ గ్రాఫిక్స్, నెట్‌డబ్ల్యూ అంటే ఇంటెల్ వైఫై, ఆర్‌టీకే అంటే రియల్‌టెక్ సౌండ్, ఐఏస్టోర్ అంటే ఇంటెల్ స్టోరేజి. తెలియని పేరైతే సిస్టమ్32 లోపల డ్రైవర్స్ ఫోల్డర్‌లో ఆ ఫైలు వెతికి, రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డీటెయిల్స్‌లో చూడండి, ఏ కంపెనీదో రాసి ఉంటుంది.

డ్రైవర్ తప్పు కానివి

అసలు ఏ తెరా రాకుండా ఠక్కున ఆరిపోతోందా? డంప్ ఫైలూ లేదా? అయితే ముందు కరెంటు, పవర్ సప్లై, వేడి చూడాలి. రాత్రిపూట చుట్టుపక్కల చెరువుల మీద ఏరేటర్లన్నీ ఒక్కసారి తిరిగే ఊళ్లలో వోల్టేజి ఎలా దిగుతుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, బ్యాటరీ చచ్చిపోయిన యూపీఎస్ కింద డెస్క్‌టాప్ పెట్టుకుని గ్రాఫిక్స్ డ్రైవర్‌ని తిట్టుకుంటే లాభం లేదు. విండోస్ చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కర్నల్ పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తే చాలామంది కంగారు పడతారు. "సరిగ్గా షట్‌డౌన్ కాకుండా ఆగిపోయింది" అన్నదే దానర్థం. ఎందుకు ఆగిందో అది చెప్పదు.

డబ్ల్యూహెచ్ఈఏ అన్‌కరెక్టబుల్ ఎర్రర్ అని వస్తే దాదాపుగా హార్డ్‌వేరే. మెమరీ మేనేజ్‌మెంట్ అని ఒకసారి, పేజ్ ఫాల్ట్ అని ఇంకోసారి, ఇలా రోజుకో పేరు మారుస్తుంటే ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్ పెట్టి ఒక రాత్రి వదిలేయండి. అంతర్వేది, మొగల్తూరు వైపు నుంచి వచ్చే సిస్టమ్‌లలో ఉప్పుగాలికి ర్యామ్ కాళ్లు నల్లబడి ఉండటం నేను చాలా చూశాను. తీసి, మెత్తని రబ్బరుతో తుడిచి పెడితే చాలాసార్లు అక్కడితో సరి.

ఒక్క డ్రైవర్‌కి మొత్తం సిస్టమ్ ఎందుకు పడిపోవాలి

వర్డ్ హ్యాంగ్ అయితే వర్డ్ ఒక్కటే మూతపడుతుంది. డ్రైవర్లలో ఎక్కువ భాగం అలా కాదు, విండోస్ గుండెకాయ అన్నానే, ఆ కర్నల్ లోపలే కూర్చుని పని చేస్తాయి, అక్కడ ఒకరి మెమరీలో ఒకరు చెయ్యి పెట్టకుండా గోడలుండవు. తప్పు జరిగిందని తెలియగానే డేటా పాడవకుండా విండోస్ తనంతట తనే మొత్తం ఆపేస్తుంది. 2024 జులై 19న ప్రపంచమంతా చూసింది ఇదే. క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ తన కర్నల్ డ్రైవర్‌కి పంపిన ఒక అప్‌డేట్ ఫైలు తప్పుగా ఉండటంతో, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం సుమారు 85 లక్షల కంప్యూటర్లు పడిపోయాయి, శంషాబాద్‌లో బోర్డింగ్ పాస్ చేత్తో రాసిచ్చిన ఫొటో మీరూ చూసే ఉంటారు. దానికి మందు ఏంటో గుర్తుందా? సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ నడిచే పద్ధతి) వెళ్లి ఆ ఒక్క ఫైలు తీసెయ్యడం. ఎవరూ ఫార్మాట్ కొట్టుకోమనలేదు.

గేమ్ ఆడితే, వీడియో చూస్తే పోతోంది

సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చే పిల్లల లాప్‌టాప్‌లు ఎక్కువగా ఈ రకమే. తెర ఒక క్షణం నల్లబడి మళ్లీ వస్తుంది, లేదా వీడియో టీడీఆర్ ఫెయిల్యూర్ అని పడిపోతుంది. గ్రాఫిక్స్ కార్డు రెండు సెకన్లలోపు జవాబివ్వకపోతే విండోస్ దాన్ని రీసెట్ చేయబోతుంది, ఆ రీసెట్ కూడా కుదరకపోతే వచ్చేది ఈ తెర. ముందు డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌లోని పరికరాలన్నీ చూపించే జాబితా) డిస్‌ప్లే అడాప్టర్ ప్రాపర్టీస్‌కి వెళ్లి రోల్ బ్యాక్ డ్రైవర్ నొక్కండి. ఆ బటన్ వెలిసిపోయినట్టు ఉంటే పాత డ్రైవర్ లేదని అర్థం. అప్పుడు లాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి మీ మోడల్ నంబర్‌కి ఇచ్చిన డ్రైవర్ ముందుగా దించి పెట్టుకుని, నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాతది మూలాలతో సహా పీకేసి, మామూలుగా బూట్ చేసి కొత్తది వేయండి. నెట్ తీయకపోతే మీరు వేసేలోపే విండోస్ తన సొంతది వేసేస్తుంది. ఇవన్నీ చేసినా పోతుంటే ఫ్యాన్ తీసి దుమ్ము చూడండి, వేడికీ ఇదే తెర వస్తుంది.

మూత వేసి తీస్తే, ప్రింట్ ఇస్తే, ఎస్‌ఎస్‌డీ వేయించాక

నిద్రలోకి వెళ్లేటప్పుడో లేచేటప్పుడో డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్ అని వస్తే చాలాసార్లు వైఫై, బ్లూటూత్, గ్రాఫిక్స్ ఈ మూడింట్లో ఒకటి. వైఫై అడాప్టర్ పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో "పవర్ ఆదా కోసం ఈ డివైస్‌ని ఆపొచ్చు" అన్న టిక్ తీసి చూడండి, ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నంతకాలం షట్‌డౌన్ కొట్టినా డ్రైవర్లు నిజంగా కొత్తగా మొదలవ్వవు, రీస్టార్ట్ కొడితేనే అవుతాయి. ఇది చాలామందికి తెలియదు, "రోజూ ఆపుతూనే ఉన్నానండీ" అంటారు.

కొత్త ఎస్‌ఎస్‌డీలోకి పాత విండోస్ కాపీ చేయించాక డీపీసీ వాచ్‌డాగ్ వయొలేషన్ వస్తూ, ఐఏస్టోర్ పేరు కనిపిస్తే, డివైస్ మేనేజర్‌లో ఆ సాటా కంట్రోలర్‌కి అప్‌డేట్ డ్రైవర్, లిస్టులోంచి ఎంచుకోవడం, "స్టాండర్డ్ సాటా ఏహెచ్‌సీఐ కంట్రోలర్". ఐదు నిమిషాల పని. బయోస్‌లో (విండోస్ కంటే ముందు వచ్చే సెట్టింగుల తెర) డిస్క్‌కి రెయిడ్ మోడ్ పెట్టి ఉంటే మాత్రం దీని జోలికి వెళ్లకండి, బూటే అవ్వదు.

ప్రింటర్ సంగతి వేరు, తప్పు ఒక్కోసారి ప్రింటర్ డ్రైవర్‌ది కూడా కాదు. 2021 మార్చిలో విండోస్ 10కి వచ్చిన నెలవారీ అప్‌డేట్ వేసుకున్నవాళ్లకి, కొన్ని ప్రింటర్లకి ప్రింట్ ఇవ్వగానే ఏపీసీ ఇండెక్స్ మిస్‌మ్యాచ్ అని నీలం తెర వచ్చేది. మైక్రోసాఫ్ట్ కొద్ది రోజుల్లోనే సరిచేసిన అప్‌డేట్ ఇచ్చింది. అందుకే అప్‌డేట్ తర్వాత మొదలైందని ఖాయమైతే ముందు ఆ అప్‌డేట్ తీసి చూడండి. ప్రింటర్ డ్రైవరే అనిపిస్తే, ఐకాన్ డిలీట్ చేస్తే డ్రైవర్ పోదు. ప్రింట్ సర్వర్ ప్రాపర్టీస్‌లో డ్రైవర్స్ ట్యాబ్ నుంచి డ్రైవర్, ప్యాకేజీ రెండూ రిమూవ్ చేయాలి.

అసలు బూటే అవ్వకపోతే

విండోస్ గుర్తు కనిపించగానే పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపండి, అలా రెండు మూడుసార్లు చేస్తే రిపేర్ తెర దానంతటదే వస్తుంది. అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్. నెట్ కావాలంటే 5. ఆ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరలోనే సిస్టమ్ రిస్టోర్, అప్‌డేట్ అన్‌ఇన్‌స్టాల్ కూడా ఉంటాయి. కొత్త లాప్‌టాప్‌లు ఇక్కడ బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ అడుగుతాయి, 48 అంకెలు. అది సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఆ అకౌంట్ షోరూమ్ కుర్రాడు తన మెయిల్‌తో తెరిచాడేమో ఇవాళే చూసుకోండి.

వద్దని చెప్పేవి రెండున్నాయి. "మీ డ్రైవర్లన్నీ పాతబడ్డాయి" అని భయపెట్టే డ్రైవర్ అప్‌డేటర్ ప్రోగ్రాములు ఒకటి. బాగా పని చేస్తున్న డ్రైవర్‌ని పాతదని మార్చక్కర్లేదు. రెండోది డ్రైవర్ వెరిఫయర్, డ్రైవర్లని పరీక్షించడానికి విండోస్‌లోనే ఉండే ప్రోగ్రామ్. అది మంచిదే, దాక్కున్న దొంగని పట్టిస్తుంది, కానీ పట్టించే పద్ధతేంటంటే కావాలనే సిస్టమ్‌ని పడేస్తుంది, ఒక్కోసారి బూట్ అవుతూ పడిపోతూ అదే చక్రంలో తిప్పుతుంది. సేఫ్ మోడ్‌లో వెరిఫయర్ రీసెట్ కమాండ్ ఇవ్వడం రానివాళ్లు దాన్ని ముట్టుకోవద్దు.

కాటా దగ్గర లాప్‌టాప్

దాళ్వా కోతలప్పుడు ఒక రైస్ మిల్లు గుమస్తాగారు ఫోన్ చేశారు. "తొందరగా రావాలండీ, ట్రాక్టర్లు రోడ్డు మీదకి వచ్చేశాయి, ఇది పొద్దుట్నుంచీ నాలుగుసార్లు పోయింది." వెళ్లేసరికి ఇద్దరు ముగ్గురు నాకంటే ముందే చెప్పేశారు, ఫార్మాట్ అని. కాటా బరువు చూపించే ఇండికేటర్‌కి పాతకాలం సీరియల్ పోర్టు, కొత్త లాప్‌టాప్‌కి అది ఉండదు, మధ్యలో యూఎస్‌బీ కేబుల్ ఒకటి వేశారు. మినీడంప్‌లో నాలుగు ఫైళ్లు, నాలుగింట్లోనూ ఆ కేబుల్ డ్రైవర్ పేరే.

ఆ కేబుల్‌లో చిప్ నకలు. అసలు కంపెనీ కొత్త డ్రైవర్ నకలు చిప్‌ని గుర్తుపట్టి పని చేయనంటుంది, డివైస్ మేనేజర్‌లో పసుపు గుర్తు, కోడ్ 10. దాంతో అమ్మినవాళ్లు ఎప్పటిదో పాత డ్రైవర్ వేసి పంపారు. సరే, పాతదే అయినా పొద్దున్న కాసేపు బాగానే నడిచింది కదా, మరి ఎప్పుడు పోతోంది? కుర్చీ లాక్కుని పక్కనే కూర్చున్నాను. ట్రాక్టర్ ఎక్కింది, బరువు వచ్చింది, సేవ్ అయింది. లాప్‌టాప్‌కి ఉన్నవి రెండే యూఎస్‌బీ పోర్టులు, ఒకదానికి మౌస్. గుమస్తాగారు కాటా కేబుల్ పీకి, అదే పోర్టులో ప్రింటర్ పెట్టి చీటీ తీశారు, మళ్లీ ప్రింటర్ పీకి కేబుల్ పెట్టారు. మూడో ట్రాక్టర్‌కి పీకగానే నీలం తెర. కాటా సాఫ్ట్‌వేర్ ఆ పోర్టుని ఇంకా చదువుతూనే ఉంది, కింద పోర్టు మాయమైపోయింది, ఆ పాత డ్రైవర్‌కి అది తట్టుకోవడం రాదు.

ఆ సాయంత్రానికి భీమవరం నుంచి అసలు చిప్ కేబుల్, నాలుగు పోర్టుల హబ్ తెప్పించాం. డివైస్ మేనేజర్‌లో పాతదాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా డిలీట్ చేయి" అన్న టిక్ పెట్టాను, అది పెట్టకపోతే కేబుల్ గుచ్చగానే పాతదే మళ్లీ ఎక్కుతుంది. కొత్త డ్రైవర్ వేసి, పోర్టు నంబర్ మారింది కాబట్టి కాటా సాఫ్ట్‌వేర్‌లో కూడా మార్చి, ముప్పావుగంటలో లేచాను. ప్రింటర్ హబ్‌లోకి, కాటా కేబుల్ సొంత పోర్టులోకి. ఆ కేబుల్ మొదట్లో గుమస్తాగారు తెల్ల ప్లాస్టర్ చుట్టి, మీద స్కెచ్ పెన్నుతో "పీకరాదు" అని రాసి పెట్టుకున్నారు.