లింక్డ్ సర్వర్‌లో సీఆర్ఎం డేటా రావట్లేదా, నత్తనడకన వస్తోందా? ముందు ఇవి చూడండి

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లింక్డ్ సర్వర్ (బయటి డేటాకి కనెక్షన్) పెట్టి, ఓడీబీసీ డ్రైవర్ (మధ్యలో వారధిలా పనిచేసే సాఫ్ట్‌వేర్) ద్వారా సేల్స్‌ఫోర్స్ అనే క్లౌడ్ సీఆర్ఎం (కస్టమర్ల వివరాల సాఫ్ట్‌వేర్)లోని అకౌంట్లు, ఆపర్చునిటీలు, కేసులు నేరుగా క్వెరీ చేసేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. డ్రైవర్ ఇన్‌స్టాల్ చేయడం, లింక్డ్ సర్వర్ తయారు చేయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

లక్షణం: 7303 లేదా 7399 ఎర్రర్, దానితోపాటు డేటా సోర్స్ పేరు దొరకలేదని ఇంకో లైను

ఇది వచ్చిన ప్రతిసారీ నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే. డీఎస్ఎన్ (డ్రైవర్ కనెక్షన్ వివరాలు దాచుకునే పేరు) ఏ మెషీన్‌లో పెట్టారు? చాలామంది మేనేజ్‌మెంట్ స్టూడియో ఉన్న తమ ల్యాప్‌టాప్‌లో పెడతారు. క్వెరీ నడిచేది సర్వర్‌లో కాబట్టి డీఎస్ఎన్ అక్కడే ఉండాలి.

రెండో ప్రశ్న: యూజర్ డీఎస్ఎన్నా, సిస్టమ్ డీఎస్ఎన్నా? మీరు టెస్ట్ నొక్కితే పాస్ అవుతుంది, ఎందుకంటే నొక్కింది మీరు. డ్రైవర్‌ను పిలిచేది మాత్రం ఎస్‌క్యూఎల్ సర్వర్ సర్వీసు అకౌంటు. మీ లాగిన్ కింద ఉన్న యూజర్ డీఎస్ఎన్ దానికి కనిపించదు. సిస్టమ్ డీఎస్ఎన్ పెట్టండి, అదీ 64 బిట్‌ది. విండోస్‌లో పేర్లు తికమక పెడతాయి. 64 బిట్ ఓడీబీసీ టూల్ సిస్టమ్32 ఫోల్డర్‌లో, 32 బిట్‌ది సిస్‌వావ్64 ఫోల్డర్‌లో ఉంటాయి. దయచేసి ఈ మూడూ చూశాకే నెట్‌వర్క్ టీమ్‌కి టికెట్ వేయండి. ఐదు నిమిషాల్లో తేలే పనికి రెండు రోజులు పోగొట్టుకున్నవాళ్లను లెక్కలేనంతమందిని చూశాను.

లక్షణం: నిన్నటిదాకా నడిచింది, ఇవాళ లాగిన్ ఫెయిల్

చాలావరకు, డ్రైవర్ లాగిన్ అయ్యే సీఆర్ఎం యూజర్ పాస్‌వర్డ్ ఎవరో మార్చి ఉంటారు. సేల్స్‌ఫోర్స్‌లో పాస్‌వర్డ్ మారితే సెక్యూరిటీ టోకెన్ (పాస్‌వర్డ్‌తోపాటు ఇచ్చే కోడ్) కూడా మారిపోతుంది. కొత్తది ఆ యూజర్ మెయిల్‌కి వస్తుంది. కనెక్షన్ సెట్టింగ్స్‌లో పాస్‌వర్డ్ ఒక్కటి మార్చి ఊరుకుంటే సరిపోదు, టోకెన్ కూడా మార్చాలి. ఇలాంటి పనికి ఒక మనిషి లాగిన్ కాకుండా, విడిగా ఒక ఇంటిగ్రేషన్ యూజర్ ఉండటం మంచిది.

లక్షణం: పది వరుసలు అడిగితే పది నిమిషాలు, మధ్యాహ్నానికల్లా ఏపీఐ లిమిట్ ఖాళీ

దీని గురించే కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ దెబ్బ నేను తిన్నాను.

ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ఐదు నిమిషాలకోసారి రిఫ్రెష్ అయ్యే రిపోర్టు పెట్టాం. క్వెరీలో ఫిల్టర్ స్పష్టంగా ఉంది: ఒక్క ప్రాంతం, ఓపెన్‌లో ఉన్న ఆర్డర్లు. వచ్చే వరుసలు వంద కూడా దాటవు. మొదట్లో బాగానే నడిచింది. నెలలు గడిచేకొద్దీ నెమ్మదించింది. నెలాఖరు రోజున రిపోర్టుతోపాటు బిల్లింగ్ నుంచి సీఆర్ఎంకి వెళ్లే ఆర్డర్లు కూడా ఆగిపోయాయి. ఏపీఐ లిమిట్ (బయటి సాఫ్ట్‌వేర్లు 24 గంటల్లో సీఆర్ఎంని ఎన్నిసార్లు అడగవచ్చో ఆ పరిమితి) మొత్తం సంస్థకు ఒకటే. మా రిపోర్టు దాన్ని తినేస్తే మిగతా సాఫ్ట్‌వేర్లన్నీ ఆగుతాయి. నెట్‌వర్క్‌ని, డ్రైవర్‌ని, చివరికి సర్వర్ మెమరీని కూడా అనుమానించాం. తప్పు మా క్వెరీలో ఉంది.

సర్వర్, క్యాటలాగ్, స్కీమా, టేబుల్ అని నాలుగు భాగాల పేరుతో రాస్తే, ఫిల్టర్‌ని అవతలికి పంపాలా, డేటా తెచ్చుకుని ఇక్కడే వడకట్టాలా అన్నది ఎస్‌క్యూఎల్ సర్వర్ నిర్ణయిస్తుంది. లింక్డ్ సర్వర్ ఆప్షన్లలో 'కొలేషన్ కంపాటిబుల్' అని ఒకటుంది (కొలేషన్ అంటే అక్షరాల్ని పోల్చే, వరుసపెట్టే పద్ధతి). డీఫాల్టుగా అది ఫాల్స్. అది ఫాల్స్‌లో ఉంటే అక్షరాల కాలమ్ మీద పెట్టిన ఏ పోలికనైనా ఎస్‌క్యూఎల్ సర్వర్ ఇక్కడే చేస్తుంది. ప్రాంతం, స్టేటస్, ఐడీ అన్నీ అక్షరాల కాలమ్‌లే. అంటే మీరు రాసిన ఫిల్టర్ అవతలికి చేరదు. టేబుల్ మొత్తం ఇంటర్నెట్ మీదుగా మీ సర్వర్‌కి వచ్చి, ఆ తర్వాత వంద వరుసలు మిగులుతాయి. ఫలితం సరిగ్గానే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు.

లెక్క వేసి చూడండి. సేల్స్‌ఫోర్స్ ఒక్కో ఏపీఐ కాల్‌కి గరిష్ఠంగా 2000 వరుసలు ఇస్తుంది. టేబుల్‌లో 6 లక్షల వరుసలుంటే ఒక్కసారి లాగడానికి 300 కాల్స్. ఐదు నిమిషాలకోసారి అంటే రోజుకు 288 సార్లు. మొత్తం 86,400 కాల్స్. ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో 24 గంటలకు ఉండేది లక్ష, దాని మీద లైసెన్సుల్ని బట్టి కొంత. ఒక్క రిపోర్టుకే అంత పోతే ఇంకేం మిగులుతుంది?

ఇదేనా కాదా అని తేల్చుకోవడం తేలిక. యాక్చువల్ ఎగ్జిక్యూషన్ ప్లాన్ తెరవండి. 'రిమోట్ క్వెరీ' మీద మౌస్ పెట్టి, అవతలికి వెళ్లిన క్వెరీ వాక్యం చదవండి. అందులో మీ 'వేర్' షరతు లేకపోయినా, దాని ఎడమ పక్కన విడిగా ఒక 'ఫిల్టర్' గుర్తు కనిపించినా, రోగం ఇదే. నాలుగు భాగాల పేరుతో రాసిన క్వెరీకి 'రిమోట్ స్కాన్' అని ఉంటే ఇక చదవాల్సిన పని కూడా లేదు, మొత్తం లాగుతున్నట్టే.

పరిష్కారం ఓపెన్‌క్వెరీ. అందులో రాసిన వాక్యం ఉన్నదున్నట్టుగా డ్రైవర్‌కి వెళ్తుంది, వడపోత అవతలే జరుగుతుంది. ఒకే షరతు: ఫిల్టర్ ఆ వాక్యం చుట్టూ ఉండే కోట్‌ల లోపల ఉండాలి. లోపల టేబుల్ మొత్తం అడిగి బయట 'వేర్' రాసేవాళ్లున్నారు. దానివల్ల ఏమీ మారదు.

ఓపెన్‌క్వెరీ వేరియబుల్స్‌ని తీసుకోదు. విలువలు మారుతుంటే 'ఎగ్జిక్యూట్ ఎట్' వాడి, ప్రశ్నార్థకం గుర్తుతో పారామీటర్ ఇవ్వండి. దానికి లింక్డ్ సర్వర్‌లో 'ఆర్‌పీసీ అవుట్' ఆన్ చేయాలి. ఆ ఫలితాన్ని టెంప్ టేబుల్‌లోకి ఇన్సర్ట్ చేసేటప్పుడు 7391 ఎర్రర్ వస్తే కంగారు పడకండి. డిస్ట్రిబ్యూటెడ్ ట్రాన్సాక్షన్ మొదలుపెట్టబోయి ఆగిందని దాని అర్థం. డిస్ట్రిబ్యూటెడ్ ట్రాన్సాక్షన్ ప్రమోషన్ ఆప్షన్‌ను ఫాల్స్ చేస్తే పోతుంది.

'కొలేషన్ కంపాటిబుల్'ని ట్రూ చేస్తే సరిపోదా అంటే, పోలికలు అవతలికి వెళ్తాయి, నిజమే. కానీ అక్షరాల వరుసక్రమం రెండు వైపులా ఒకటే అని మీరు హామీ ఇచ్చినట్టవుతుంది. క్లౌడ్ సీఆర్ఎం విషయంలో ఆ హామీ నేను ఇవ్వను.

లోకల్ టేబుల్‌తో జాయిన్ చేసినా ఇదే కథ. ఇక్కడ 40 కస్టమర్లున్న టేబుల్, అక్కడ 6 లక్షల ఆర్డర్లు ఉంటే, ఆ 40 కోసం మొత్తం లాగే ప్రమాదం ఉంది. ముందు ఐడీలను ఒక వాక్యంగా కూర్చి 'ఇన్' లిస్టుగా పంపండి. వచ్చినవాటిని టెంప్ టేబుల్‌లో పెట్టి అప్పుడు జాయిన్ చేయండి. ఓపెన్‌క్వెరీ వాక్యానికి 8 కేబీ పరిమితి ఉంది. 18 అక్షరాల ఐడీలు 300 దాకా ఇబ్బంది లేకుండా పడతాయి. తరచూ నడిచే పని అయితే సిస్టమ్ మోడ్‌స్టాంప్ (రికార్డు చివరిగా మారిన సమయం) కాలమ్ మీద, గతసారి తర్వాత మారినవి మాత్రమే అడగండి. ఆ కాలమ్‌కి సేల్స్‌ఫోర్స్‌లో ఇండెక్స్ ఉంటుంది.

లక్షణం: రోజువారీ మొత్తాలు సీఆర్ఎం స్క్రీన్‌తో కలవవు

సేల్స్‌ఫోర్స్ తేదీ-సమయాల్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం)లో దాస్తుంది. మన అర్ధరాత్రి అక్కడ ముందురోజు 18:30. రాత్రి 12 నుంచి ఉదయం 5:30 మధ్య వచ్చిన ఎంట్రీలు నిన్నటి లెక్కలో పడతాయి. పగలు మాత్రమే పనిచేసే ఆఫీసులో ఇది ఏళ్ల తరబడి బయటపడదు. ఆన్‌లైన్ ఆర్డర్లు మొదలయ్యాక బయటపడుతుంది. మీ డ్రైవర్ సమయాన్ని తనంతట తాను మారుస్తుందో లేదో సెట్టింగ్స్‌లో ముందు చూసుకోండి. మార్చకపోతే, మన రోజు మొదలును యూటీసీలోకి మార్చి ఆ విలువను ఫిల్టర్‌లో పంపండి. కాలమ్ మీద 330 నిమిషాలు కలిపే ఫంక్షన్ పెడితే ఆ ఫిల్టర్ మళ్లీ ఇక్కడే ఉండిపోవచ్చు.

లక్షణం: జాయిన్‌లో వరుసలు రెట్టింపు

ఎక్సెల్ నుంచి వచ్చిన 15 అక్షరాల ఐడీల్లో పెద్ద 'ఏ', చిన్న 'ఏ' వేర్వేరు. సాధారణ కొలేషన్‌తో ఉన్న ఎస్‌క్యూఎల్ సర్వర్‌కి రెండూ ఒకటే. అందుకే 18 అక్షరాల ఐడీ వాడండి. 15తో పోల్చక తప్పకపోతే ఆ పోలికలో బైనరీ కొలేషన్ పెట్టండి.

మిగతావి అరుదు. కాలమ్ కనిపించకపోతే ఇంటిగ్రేషన్ యూజర్‌కి ఆ ఫీల్డ్ అనుమతి లేదు. వరుసలు తక్కువ వస్తే షేరింగ్ రూల్స్ చూడమని సీఆర్ఎం అడ్మిన్‌ని అడగండి. 7347 ఎర్రర్ వస్తే ఎవరో సీఆర్ఎంలో ఫీల్డ్ పొడవు పెంచి ఉంటారు, డ్రైవర్ స్కీమా రిఫ్రెష్ చేయండి. తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా వస్తే మీ టెంప్ టేబుల్‌లో వార్‌చార్ ఉంది, ఎన్‌వార్‌చార్ చేయండి. ల్యాప్‌టాప్‌లో నెట్ ఉండి సర్వీసుకి లేకపోతే అది ప్రాక్సీ సెట్టింగ్, దానికి మాత్రం నెట్‌వర్క్ టీమ్‌నే పిలవాలి.