మొదటిసారి ములాఖత్‌కి వెళ్తున్నారా? జేబులు ఇంట్లోనే ఖాళీ చేయండి

నేను మొదటిసారి జైలుకి వెళ్లినప్పుడు నాకు 17. ఒడిశాలోని పర్లాకిమిడిలో తెల్లారగట్ల బస్సెక్కాం. లోపలున్నది నాతో పాటు పదో తరగతి రాసినవాడే. కొండ దిగువకి బండి మీద గంజాయి మూట తెచ్చాడని కేసు.

ఇంట్లో చెప్పకుండా మాత్రం వెళ్లకండి. 18 నిండని పిల్లల్ని ఒంటరిగా గేటు దాటనివ్వకపోవచ్చు. వాడి అమ్మానాన్నలతోనో, మీ మావయ్యతోనో వెళ్లండి. ఆధార్ ఒరిజినల్ దగ్గరుండాలి. ఈ-ములాఖత్ వెబ్‌సైట్‌లో ముందే పేరు నమోదు చేసుకోవచ్చు. ఏ రోజు కలవనిస్తారు, బంధువులు కానివాళ్లని ఒప్పుకుంటారా అన్నది బయల్దేరే ముందే ఆ జైలుకి ఫోన్ చేసి అడగండి.

మన తెలుగువాళ్లకి ఒడిశాలో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది: పేరు. మనకి ఇంటిపేరు ముందు, వాళ్ల రిజిస్టర్లో వెనక. అప్పలరాజు అన్న పేరు ఒడియాలోకి వెళ్లి ఎలా తిరిగొస్తుందో దేవుడికే తెలియాలి. "అలాంటోడు ఇక్కడ లేడు" అంటే గంటన్నర ఎండలో నిలబడ్డాం. వాడి పేరు, తండ్రి పేరు, ఊరు, పోలీస్ స్టేషన్, కేసు నంబరు ఒక చీటీ మీద ఒడియాలో రాయించుకుని వెళ్లండి.

ఇప్పుడు అసలు ప్రమాదం. గేటు ఎదురుగా టీ బడ్డీ దగ్గర ఒకాయన నా భుజం మీద చెయ్యేసి, "బాబూ, మావోడూ లోపలే ఉన్నాడు, ఈ చొక్కా ఇచ్చేయవా" అన్నాడు. పాపం అనిపించి చెయ్యి చాపాను. మావయ్య లాక్కుని కాలరు తడిమాడు. కుట్టు పక్కన వేలికి గట్టిగా ఏదో తగిలింది. అదేమిటో చూడకుండానే తిరిగిచ్చేశాం. నిషేధించిన వస్తువు లోపలికి చేరవేస్తే 1894 నాటి జైళ్ల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల వరకు శిక్ష. అందులో గంజాయి ఉంటే వేరే కేసు కూడా. కుర్రాళ్లని చూసే ఇలా అడుగుతారు, మొహమాటం ఎక్కువని. పెద్దవాళ్లే కదా అనుకోకండి, "నాకు తెలీదు" అని పక్కకి జరిగిపోండి. ఖైనీ, లైటర్ లాంటివి మీ జేబులోనూ ఉండకూడదు. గేటు ముందు సెల్ఫీలు వద్దు.

లోపల జాలీకి అటు పదిమంది, ఇటు పదిమంది, అందరూ ఒకేసారి అరుస్తుంటారు. "ఏట్రా, ఎలాగున్నావ్?" అన్న మాటే మూడుసార్లు అన్నాను. అక్కడ కేసు గురించి ఎత్తకండి. ఎవరు మూట ఇచ్చారు, ఎంత ఇస్తామన్నారు లాంటివి విన్నారంటే రేపు మిమ్మల్నీ పిలవొచ్చు. "ఫలానావాడికి ఈ మాట చెప్పు" అన్నా ఒప్పుకోవద్దు. ఒప్పుకోనంత మాత్రాన స్నేహానికి తక్కువేం కాదు.

పనికొచ్చే మాట ఒకటుంది. నేరం జరిగిన రోజుకి వాడికి 18 నిండకపోతే వాడుండాల్సింది జైల్లో కాదు, పిల్లల కోసం ఉండే అబ్జర్వేషన్ హోమ్ లాంటి చోట. స్కూలు ఇచ్చిన పుట్టినతేదీ పత్రం గానీ, పదో తరగతి సర్టిఫికెట్ గానీ వెతికి లాయరుకి ఇమ్మని వాళ్ల ఇంట్లో చెప్పండి. ఈ సంగతి కేసు ఏ దశలోనైనా కోర్టుకి చెప్పుకోవచ్చు. లాయరుని పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కి ఫోన్ చేయమనండి. కస్టడీలో ఉన్నవాళ్లకి ఉచిత న్యాయ సహాయం హక్కు. గంజాయి 20 కిలోలు దాటితే బెయిలు చాలా కష్టం. కాబట్టి "వచ్చే నెలకి బయటికొచ్చేస్తావ్‌లే" అని ధైర్యం చెప్పేయకండి. వాడు రోజులు లెక్కపెట్టుకుంటాడు.

టైమ్ అయిపోయే ముందు, పొద్దున్న ఏం తిన్నాడో అడగండి. వాళ్లమ్మ రాలేకపోతే, మీరు ఊళ్లో దిగగానే ఆవిడ మొదట అడిగేది అదే. నేను అడగడం మర్చిపోయి, పప్పన్నమని అబద్ధం చెప్పాను.