సుడిదోమ కనబడగానే మందు కొట్టకండి
వరి దుబ్బుల మొదళ్లలో రసం పీల్చే సుడిదోమ కనిపించినప్పుడు, పిచికారీకి ముందే దుబ్బును వంచి తట్టి, నీటిపై పడిన పురుగుల్లో సాలీళ్లు, మిరిడ్ నల్లులు ఎన్ని ఉన్నాయో కూడా గమనించండి. మిరిడ్ నల్లి దోమ గుడ్లను పీల్చి తింటుంది. తినడానికి కొంత దోమైనా లేకపోతే అది పొలంలో నిలవదు కనుక, ఒక్క దోమా ఉండకూడదనే పట్టుదల సరైనది కాదు. సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందులు చల్లితే దోమను తినే ఈ మిత్రపురుగులు చనిపోతాయి, ఆకు తొడుగుల్లో దాగిన దోమ గుడ్లు మాత్రం మిగిలి, వాటి పిల్లలు అడ్డులేకుండా పెరుగుతాయి. ఇలాంటి అనుభవంతోనే ఇండోనేషియా 1986లో వరిపై 57 పురుగుమందులను నిషేధించింది. నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే మొదళ్లకు గాలి, వెలుతురు చేరి దోమ ఉద్ధృతి తగ్గుతుంది.