కరెంటు పొయ్యి మీద కుక్కర్ విజిల్ వేయకపోతే ముందు దాని అడుగు భాగం చూడండి

గ్యాస్ పొయ్యి మీద ఏళ్ళ తరబడి బాగా పనిచేసిన కుక్కర్, విదేశంలో గ్లాస్ టాప్ (పైన అద్దం పలక ఉండే కరెంటు పొయ్యి) ఎక్కగానే మొరాయిస్తుంది. గ్యాస్కెట్ బాగుంది, వెయిట్ రంధ్రం శుభ్రంగా ఉంది, నీళ్ళు సరిపడా పోశారు. అయినా అరగంటకు కూడా విజిల్ రాదు. స్టవ్ పాడైందని ఇంటి ఓనరుకు ఫోన్ చేసే ముందు కుక్కర్‌ని ఒక్కసారి బోర్లించండి. అందరూ వదిలేసేది ఈ ఒక్క పనే.

లక్షణం: నాబ్ హైలో ఉన్నా బర్నర్ ఎర్రగా వెలిగి, ఆరిపోయి, మళ్ళీ వెలుగుతోంది. విజిల్ మాత్రం రాదు.

నాబ్ తగ్గించి పెట్టినప్పుడు ఇలా వెలిగి ఆరడం మామూలే. ఈ పొయ్యిలో గ్యాస్‌లా మంట తగ్గడం ఉండదు, కరెంటే కాసేపు వచ్చి కాసేపు ఆగుతుంది. హైలో పెట్టినా మాటిమాటికీ ఆరిపోతుంటే మాత్రం కుక్కర్ అడుగు ఉబ్బిందేమో చూడాలి.

గ్యాస్ మంట వంకర అడుగును కూడా చుట్టుకుని కాలుస్తుంది కాబట్టి అక్కడ ఈ లోపం బయటపడదు. గ్లాస్ టాప్‌లో అలా కుదరదు. అద్దం కింద ఉన్న తీగ వేడి గిన్నెలోకి బాగా ఎక్కాలంటే అడుగు అద్దానికి ఆనాలి. మధ్యలో ఉబ్బిన కుక్కర్ రూపాయి బిళ్ళంత మేర ఆనుతుంది, చుట్టూ గాలే. గిన్నె తీసుకోని వేడి అద్దంలోనే పేరుకుంటుంది. అద్దం దెబ్బతినకుండా లోపలున్న లిమిటర్ కరెంటు ఆపేస్తుంది. నాబ్ ఇంకా తిప్పి లాభం లేనిది ఇందుకే: హైలో పెట్టినా లిమిటర్ ఆపుతూనే ఉంటుంది. ఆనిన చోట అడుగంటుతుంది, పైన పచ్చిగానే ఉంటుంది.

పరీక్షకు రెండు నిమిషాలు చాలు. చల్లారిన కుక్కర్‌ని తుడిచి బోర్లించి, స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి అడుగుకు అడ్డంగా పెట్టండి. కిటికీ వైపు పట్టి స్కేలు కింద వెలుతురు చూడండి. స్కేలును తిప్పుతూ నాలుగు దిక్కుల్లోనూ చూడాలి. మధ్యలో కాగితమంత సందు కనిపిస్తే ఫరవాలేదు, వేడెక్కితే అది సర్దుకుంటుంది. స్కేలు మధ్యలో తగిలి అంచుల దగ్గర వెలుతురు వస్తే అడుగు ఉబ్బినట్టే. ఆరిన పొయ్యి మీద పెట్టి అంచును వేలితో నొక్కితే అటూ ఇటూ ఊగుతుంది, మెల్లగా తిప్పితే బొంగరంలా తిరుగుతుంది.

నీళ్ళు ఇంకిపోయి ఖాళీగా కాలడం, కాలుతున్న కుక్కర్‌ని అలాగే కుళాయి కింద పెట్టడం అడుగు ఉబ్బడానికి ముఖ్య కారణాలు. సుత్తితో కొట్టి సరిచేయాలని చూడకండి. అంచు వంగితే మూత సరిగ్గా కూర్చోదు, ప్రెషర్ నిలిచే పాత్రతో ఆ సాహసం వద్దు. వెయిట్ మీద బరువు పెట్టడం అంతకన్నా ప్రమాదం. అడుగున రెండు స్టీలు పొరల మధ్య మందపాటి అల్యూమినియం ఉన్న కుక్కర్‌కి మారండి. దాని అడుగు వెడల్పుకు దగ్గరగా ఉన్న బర్నర్ వాడండి, బర్నర్ మరీ పెద్దదైతే పిడి కాలుతుంది.

అద్దం లేకుండా, చుట్టలు తిరిగిన తీగ పైకే కనిపించే కాయిల్ స్టవ్ అయినా ఇదే కథ. కొత్త వాటిలో కాయిల్ మధ్య స్ప్రింగు మీద లేచి ఉండే బిళ్ళ వేడిని పసిగట్టే సెన్సర్. అడుగు సమంగా లేని గిన్నె పెడితే అది ఇంకా తొందరగా కరెంటు ఆపుతుంది. ఆ బిళ్ళను పీకేయకండి, నిప్పు అంటుకోకుండా కాపాడేది అదే.

లక్షణం: స్టవ్ ఆపినా విజిళ్ళు వస్తూనే ఉన్నాయి.

నాబ్ ఆపినా అద్దంలో వేడి చాలాసేపు ఉంటుంది. చివరి విజిల్ రాగానే కుక్కర్‌ని రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టండి. ఈడిస్తే గ్లాస్ మీద గీతలు పడతాయి. విజిల్ వచ్చాక సన్న సెగ కావాలంటే పక్క బర్నర్‌ను ముందే లోలో వేడి చేసి ఉంచి దాని మీదికి మార్చండి.

లక్షణం: ఇండక్షన్ మీద అసలు వేడెక్కదు.

అడుగుకు అయస్కాంతం గట్టిగా అంటుకోవాలి. ఉత్త అల్యూమినియం కుక్కర్ పనికిరాదు. మధ్యలో ఇనుప పళ్ళెం పెట్టి వాడొచ్చు కానీ చాలా నెమ్మది.

కాలిపోయిన తీగ, పాడైన లిమిటర్ అరుదు. వెడల్పుకు సరిపోయే, అడుగు చదునుగా ఉన్న మామూలు గిన్నెలో లీటరు నీళ్ళు అదే బర్నర్ మీద పెట్టండి. చక్కగా మరిగితే స్టవ్‌లో లోపం లేదు. అన్ని బర్నర్లూ నీరసంగా ఉంటే అమెరికాలో కొన్ని అపార్ట్‌మెంట్లకు 240 బదులు 208 వోల్టులే వస్తాయని గుర్తుంచుకోండి. పవర్ ముప్పావు వంతుకు పడిపోతుంది, దానికి రిపేరు లేదు, ఇంకాస్త సమయం ఇవ్వాలి.