డ్రిల్, కౌంటర్‌సింక్ ఒకే పనిముట్టుతో – 3వ పాఠం: లోతు కుదర్చడం

పోయిన పాఠంలో పనిముట్టు ఆకారం చూశాం: చివర డ్రిల్ మొన, దాని వెనకే శంకువులా విచ్చుకున్న కోత అంచులు. రెండూ ఒకే అక్షం మీద ఉంటాయి కాబట్టి రంధ్రం ఒకచోట, రివెట్ తల కూర్చునే గుంట (కౌంటర్‌సింక్) మరోచోట పడే బెడద లేదు. కానీ ఎక్కడ ఆగాలో పనిముట్టుకు తెలియదు. ఆ సంగతి మనమే చూసుకోవాలి.

విమానాల్లో వాడే ఫ్లష్ రివెట్ల (తల షీటుతో సమంగా కూర్చునే రివెట్ల) తల కోణం సాధారణంగా 100 డిగ్రీలు. ఈ కోణంలో లోతు 0.1 మి.మీ. పెరిగితే గుంట నోరు దాదాపు 0.24 మి.మీ. వెడల్పవుతుంది. 1/8 అంగుళం రివెట్ తల వ్యాసమే 5.7 మి.మీ., ఎత్తు 1.07 మి.మీ. మాత్రమే. అంటే లోతులో కాస్త తేడా వచ్చినా తల చుట్టూ సందు కనిపిస్తుంది. స్క్రూల కోసం చేసిన 82 డిగ్రీల కట్టర్ కూడా అదే డబ్బాలో ఉంటే ముందే పక్కన పెట్టేయండి. ఆ గుంటలో 100 డిగ్రీల తల అంచు దగ్గరే ఆనుతుంది, కింద బోలుగా మిగిలిపోతుంది.

ఇప్పుడు మైక్రోస్టాప్ కేజ్, అంటే పాదం షీటుకు ఆనగానే పనిముట్టును అనుకున్న లోతులో ఆపే తొడుగు. పనిముట్టును అందులో బిగించి, లాక్ కాలర్‌ను వెనక్కి లాగి తిప్పితే క్లిక్ క్లిక్‌మంటూ లోతు మారుతుంది. ఒక్కో క్లిక్ మామూలుగా ఒక అంగుళంలో వెయ్యో వంతు, అంటే 0.025 మి.మీ. మొదట కావాలనే తక్కువ లోతుకు పెట్టండి. అదే మందం, అదే లోహం ఉన్న స్క్రాప్ ముక్క మీద ఒక రంధ్రం వేసి, బర్ (అంచున లేచిన లోహపు పొర) తీసి, అసలు రివెట్‌నే అందులో వేసి చూడండి. వేలి గోటితో అడ్డంగా గీస్తే తల కొంచెం తగలాలి. మరీ తగిలితే ఒక్కో క్లిక్ పెంచుకుంటూ కొత్త రంధ్రం వేయండి. క్యాలిపర్‌తో గుంట కొలిచి సెట్ చేద్దామనుకునేవాళ్లు ఉంటారు. నా మటుకు రివెట్‌ని మించిన గేజ్ లేదు. లోతు తక్కువైతే మళ్లీ కోయొచ్చు, ఎక్కువైతే వెనక్కి తెచ్చుకోలేం.

పలుచటి షీటు దగ్గర జాగ్రత్త. గుంట షీటు మందంలో మూడింట రెండు వంతులు దాటకూడదన్నది చాలామంది పాటించే లెక్క. దాటితే రంధ్రం అంచు కత్తిలా పలచబడి, అక్కడే పగులు మొదలయ్యే వీలుంటుంది. పైన చెప్పిన 1/8 అంగుళం రివెట్‌కు ఈ లెక్కన కనీసం 1.6 మి.మీ. షీటు కావాలి. అంతకన్నా పలుచనైతే కౌంటర్‌సింక్ మానేసి డింపుల్ చేయడమే (షీటును కోయకుండా గుంటలా నొక్కడమే) దారి.

ఇక చేత్తో కోసే పద్ధతి. డ్రిల్ భాగం పొడవు షీట్ల మొత్తం మందం కన్నా ఎక్కువ ఉండాలి. అప్పుడు మొన అవతలికి తేలాకే శంకువు పని మొదలవుతుంది. మొన తేలే క్షణంలో పనిముట్టు ఒక్కసారిగా ముందుకు దూకబోతుంది. అక్కడ పట్టు సడలించకుండా తోపు మాత్రం తగ్గించండి. తర్వాత శంకువు అంచు తగులుతుంది. కోసే వ్యాసం ఎక్కువ కాబట్టి, అదే ఆర్‌పీఎమ్‌లో అంచు వేగం 3.3 మి.మీ. డ్రిల్ దగ్గర కన్నా 1.7 రెట్లకు పైగా ఉంటుంది. కీచుమంటూ గుంట గోడల మీద అలల్లాంటి గీతలు పడితే దాన్నే చాటర్ అంటారు. ముందు వేగం తగ్గించి చూడండి, తోపు మాత్రం నిలకడగా ఉంచండి. చాటర్ వస్తే భయపడి తోపు తగ్గించేవాళ్లే ఎక్కువ, దాంతో అంచు కోయకుండా రాసుకుంటూ తిరిగి ఇంకా పాడవుతుంది.

కేజ్ పాదాన్ని రెండో చేత్తో పట్టుకోండి. లేదంటే అది కూడా తిరిగి షీటు మీద గుండ్రటి గీత పడేస్తుంది. పాదం కింద ఒక్క చిప్ (లోహపు తురుము) ఇరుక్కున్నా ఆ రంధ్రం తక్కువ లోతుకే ఆగిపోతుంది, కాబట్టి ప్రతిసారీ తుడవండి.

వచ్చే పాఠంలోపు స్క్రాప్ మీద పది రంధ్రాలు వరసగా వేయండి. మధ్యలో సెట్టింగ్ ముట్టుకోవద్దు. అన్నిట్లో రివెట్లు వేసి గోటితో తడమండి. ఒకటి ఎత్తుగా, ఒకటి పల్లంగా తగిలితే లోపం కేజ్‌ది కాకపోవచ్చు. డ్రిల్ షీటుకు నిటారుగా నిలుస్తోందో లేదో ముందు చూసుకోండి.